బొద్దమ్మకు మూపురం ఎలా వచ్చింది?

ఒకప్పుడు గోధుమ రంగు ఎలుగుబంటి వీపు పీటలా చదునుగా ఉండేది. ఇప్పుడు భుజాల మధ్య ఎత్తుగా కనిపించే ఆ మూపురం అప్పట్లో లేదు. గోళ్ళు కూడా పొట్టివే.

ఆ రోజుల్లో మంచుకొండల మీద బొద్దమ్మ అనే ఎలుగు ఉండేది. దానికి రెండే పనులు. పళ్ళు తినడం, ఏట్లో చేపలు పట్టుకుని తినడం. నిజం చెప్పాలంటే రెండూ ఒకటే పని.

దాని పొరుగున బుచ్చెమ్మ అనే కొండ ఉడుత ఉండేది. మామూలు ఉడుత కాదు, పిల్లి అంత లావు. పొద్దస్తమానం నేల తవ్వుతూనే ఉండేది.

"ఆ మట్టి పనేంటి వదినా, ఒళ్ళంతా దుమ్ము!" అని బొద్దమ్మ మూతి తిప్పుకునేది.

"ఇల్లు కావాలంటే ఒళ్ళు వంచాలమ్మా," అనేది బుచ్చెమ్మ, తవ్వడం ఆపకుండానే.

ఆ ఏడాది ఆకులు రాలాయి. ఉత్తరపు గాలి కొండ దిగి వస్తూ బొద్దమ్మ దగ్గర ఆగింది.

"నా వెనకాలే మంచు వస్తోంది. ఈసారైనా ఇల్లు చూసుకున్నావా?"

బొద్దమ్మ గుండెల్లో రాయి పడింది. అది కడుపుతో ఉంది. కిందటేడు ఆరుబయటే పిల్లల్ని కన్నది. చలికి ఒక్కటీ దక్కలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ దానికి ముద్ద దిగదు. అంతటి తిండిపోతుకు ముద్ద దిగలేదంటే ఎంత దిగులో మీరే చెప్పండి.

పరుగున బుచ్చెమ్మ ఇంటికి వెళ్ళింది.

"వదినా, ఈ చలికాలం నీ ఇంట్లో కాస్త చోటిస్తావా? నాకోసం కాదు, పుట్టబోయే పిల్లలకోసం."

"కడుపుతో ఉన్నదానివి, కాదంటానా? రా, సర్దుకుందాం!"

సర్దుకోవడం మాటల్లో బాగానే ఉంది. బుచ్చెమ్మ బొరియలో బొద్దమ్మ తల పట్టింది, భుజాలు పట్టలేదు. ముందుకు పోదు, వెనక్కి రాదు. బుచ్చెమ్మ పిల్లలు లోపలినుంచి దాని ముక్కు పట్టుకుని తోశాయి. ముక్కులోకి దుమ్ము పోయింది.

"హాఛ్!"

తుమ్మితే ఊడిపోయే ముక్కు అంటారే, ఇక్కడ ముక్కు బాగానే ఉంది, ఇల్లే ఊడింది. పిల్లలు పెరటి దారిన గెంతుకుంటూ బయటపడ్డాయి.

"చోటిస్తే నా కొంపే తీశావు కదమ్మా!" అని బుచ్చెమ్మ బావురుమంది.

పిల్లలు ఒకదాన్నొకటి పట్టుకుని చలికి వణుకుతున్నాయి. బొద్దమ్మ చూడలేకపోయింది. ఆ వణుకు దానికి బాగా తెలుసు.

"ఏడవకు వదినా. ఎలా తవ్వాలో చూపించు. ముందు నీ ఇల్లు తవ్వి, తర్వాతే నా సంగతి చూసుకుంటా."

తవ్వడం మొదలుపెట్టింది. గోళ్ళు నొప్పెట్టాయి, నడుం పట్టేసింది. కానీ మట్టిలో తియ్యని దుంపలు దొరికాయి, బలిసిన పురుగులు దొరికాయి.

"ఇక్కడింత విందుందని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే విన్నావా?" అంది బుచ్చెమ్మ.

తింటూ తవ్వుతూ, తవ్వుతూ తింటూ, బుచ్చెమ్మ ఇల్లు పూర్తిచేసింది. అప్పుడే మొదటి మంచు రేకు దాని ముక్కు మీద వాలింది.

"కాస్త ఆగవమ్మా, నేనింకా నా ఇల్లు మొదలే పెట్టలేదు," అని బొద్దమ్మ బతిమాలింది.

"ఆగడం నాకు రాదు. మెల్లగా కురవడం వచ్చు," అంది మంచు.

మంచు మెల్లగా కురుస్తుంటే బొద్దమ్మ గబగబా తవ్వింది. కొండవాలులో, చెట్టు వేళ్ళ కింద పెద్ద గుంత తయారైంది.

"బొద్దమ్మా, నీ భుజాల మధ్య వాచిపోయింది! ఆకు పసరు రాయనా?" అంది బుచ్చెమ్మ.

"తర్వాత చూద్దాంలే," అంటూ బొద్దమ్మ లోపలికి దూరి ముడుచుకుంది. కడుపు నిండుగా ఉంది, గుంత వెచ్చగా ఉంది. ఇట్టే నిద్రపట్టేసింది.

మంచు కరిగాక బుచ్చెమ్మ నిద్రలేచి పరుగెత్తుకొచ్చింది. గుంతలోంచి బొద్దమ్మ వచ్చింది, బాగా చిక్కిపోయి. దాని వెనకాలే ఒక బుల్లి ముక్కు. ఆ వెనకాల ఇంకో బుల్లి ముక్కు.

"రెండూ బతికాయి వదినా!" అంటూ బొద్దమ్మ ఏడ్చేసింది. బుచ్చెమ్మకూ కళ్ళు చెమర్చాయి.

"ఆ వాపు మాత్రం తగ్గలేదేం?" అంది బుచ్చెమ్మ.

బొద్దమ్మ పొడవుగా పెరిగిన గోళ్ళతో ఓ బండరాయిని పట్టి ఒక్క తోపుతో దొర్లించేసింది. లోకులు వాపు చూసి బలుపనుకుంటారు. తవ్వి తవ్వి కండ పట్టిన ఆ బలుపు చూసి బుచ్చెమ్మ వాపనుకుంది.

అప్పటినుంచే గోధుమ రంగు ఎలుగుబంటికి భుజాల మధ్య మూపురం, పాదాలకు పొడవాటి గోళ్ళు. అప్పటినుంచే అది చలికి ముందు కడుపారా తిని, గుంత తవ్వుకుని నిద్రపోతుంది. పిల్లలు అందులోనే పుడతాయి. పైన మంచు ఎంత కురిసినా వాటికి తెలియనే తెలియదు.