షమీమ్ నాలుగో పలక

"మేడమ్, ఏడేళ్లుగా మీ దగ్గర ఉన్నాను. నాలో ఏం తక్కువైందని మూడు నెలల క్రితం వచ్చిన అమ్మాయికి ఆ పని అప్పగించారు?" అని పినాకపాణి ఒకరోజు తన గురువు హైమవతి గారిని అడిగాడు.

హైమవతి గారు హైదరాబాదులో ఒక పరిశోధనశాలకు పెద్ద. ఫోన్లకూ టీవీలకూ ఇప్పుడు వాడుతున్న ఓఎల్‌ఈడీ తెరలను అక్కడ గాజు పలకల మీద తయారుచేసి చూస్తారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. "చెబుతాలే. ముందు ఆ అమ్మాయికి కాస్త తోడుగా ఉండు" అని మాత్రం అన్నారు.

ఆ అమ్మాయి పేరు షమీమ్. ఊరు నంద్యాల. నెలాఖరులో వచ్చే నిపుణుల బృందానికి చూపించాల్సిన కొత్త తెరను ఆమె తయారుచేయాలి. అందుకు ఇచ్చిన గాజు పలకలు నాలుగే. తెర మచ్చ లేకుండా వెలిగితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేదంటే పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోవాలి.

ఆ అమ్మాయి మీద తనకేమీ కోపం లేదని పాణి తనకు తానే చెప్పుకునేవాడు. కాని మేడమ్ ఆమెను పేరు పెట్టి పిలిచినప్పుడల్లా అతను చేస్తున్న పని ఆపి అటు చూసేవాడు. టీ తాగుతూ ఆమె నవ్వితే, తనను చూసే నవ్విందేమో అనిపించేది. చివరికి ఆమె చేతిరాత అందంగా ఉండటాన్ని కూడా అతను ఓర్చుకోలేకపోయాడు.

మొదటి పలక వెలిగింది గాని, తెర నిండా నల్ల చుక్కలు. "అన్నా, ఒక్కసారి వచ్చి చూడవా?" అని షమీమ్ పిలిచింది. పాణి సూక్ష్మదర్శినిలోకి వంగి చూశాడు. చూసీచూడగానే సంగతి తెలిసిపోయింది.

తెర అంచుల్లో కరెంటును మోసుకొచ్చే అల్యూమినియం తీగలుంటాయి. వాటికి పైన టైటానియం పొర కాపలా కాస్తుంది. పక్కలు మాత్రం బోసిగానే ఉంటాయి. ఆ తర్వాత తెర మధ్యలో, వెలుగును ముందుకు తిప్పికొట్టేందుకు వెండి పూత పూసి, అక్కర్లేని వెండిని ఆమ్లంతో కరిగిస్తారు. అలా కరిగిన వెండి వచ్చి తీగల బోసి పక్కలకు తగిలిందంటే అక్కడే మళ్లీ గట్టిపడి నలుసులు కడుతుంది. ఆ నలుసులు ఊడి, కొట్టుకుపోయి, తెర మీద వాలతాయి. వాలిన చోటల్లా నల్ల చుక్క. పాణి ఈ సంగతి రెండేళ్ల క్రితమే కనిపెట్టాడు. వెండిని కరిగించే ముందు పలక మీద ఎలాగూ వేసే రెసిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పూతను ఇంకాస్త అంచుల దాకా తెచ్చి తీగల పక్కలను కప్పేస్తే చాలునని కూడా అతనికి తెలుసు. ఎప్పుడో ఒకనాడు తన పేరు మీద ఘనంగా బయటపెడదామని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు.

"దుమ్ములా ఉంది షమీమ్. గాజును ఇంకా బాగా కడుగు" అన్నాడు.

ఆమె కడిగింది. రెండో పలక కూడా అలాగే పోయింది. లోపలెక్కడో పాణికి తియ్యగా అనిపించింది, ఆ తీపికి తనకే భయం వేసింది. మూడోదాన్ని షమీమ్ పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కడుగుతూనే ఉంది. అదీ పోయింది. తొడుగులు తీసేసరికి ఆమె వేళ్లు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ వేళ్లను చూసి పాణి చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే హైమవతి గారు అటుగా వచ్చి, "ఈ పిల్ల ఓపిక చూశావా పాణీ!" అన్నారు. అతని నోరు మూతపడింది.

మర్నాడు హైమవతి గారు ఇద్దరినీ తన గదికి పిలిచారు. బల్ల మీద షమీమ్ పాడుచేసుకున్న మూడో పలక ఉంది. దాని పక్కనే పాణి రెండేళ్ల క్రితం చేసిన పలక కూడా ఉంది. హైమవతి గారు షమీమ్ పని పుస్తకం తెరిచి, అందులో ఆమె రాసుకున్నది మామూలు గొంతుతో చదివారు. "మొదటి పలక నల్ల చుక్కలతో పోయింది. పాణి అన్న తన పని మానుకుని వచ్చి చూశాడు. దుమ్మని చెప్పాడు. రేపటి నుంచి ఇంకా బాగా కడగాలి."

పుస్తకం మూసి అడిగారు. "నీ పలక మీద ఒక్క చుక్క కూడా లేదు పాణీ. గాజును ఎన్నిసార్లు కడిగావు?"

"ఒక్కసారే మేడమ్."

షమీమ్ ఆత్రంగా అతని వైపు తిరిగింది. "అయితే నాకు కడగడం చేతకావడం లేదా అన్నా?"

ఆమె కొట్టినా, తిట్టినా పాణి తట్టుకునేవాడేమో. ఆ మాటకు మాత్రం అతని తల వాలిపోయింది. "అది దుమ్ము కాదు. నాకు మొదటి రోజే తెలుసు" అన్నాడు.

షమీమ్ తన పని పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని కొత్త పేజీ తెరిచింది. తర్వాత, "మరి ఏం చేయాలి?" అంది.

పాణి దాచుకున్నదంతా చెప్పాడు. రెసిన్ పూత ఎక్కడిదాకా రావాలో తన చేత్తో గీసి ఇచ్చాడు. నాలుగో పలక మీద ఇద్దరూ మూడు రోజులు పక్కపక్కన పనిచేశారు. షమీమ్ పని గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. పలక మచ్చ లేకుండా వెలిగింది. నిపుణులు వచ్చి చూసి, చుక్కలు పోగొట్టే ఉపాయం ఎవరిదని అడిగారు.

"పాణి గారిది" అంది షమీమ్.

వెనక నిలబడ్డ పాణికి ఆ 'గారు' సూటిగా వచ్చి తగిలింది. ఇన్నాళ్లూ తాను కోరుకున్న పేరు నలుగురిలో వినబడింది గాని, వింటూ అక్కడ నిలబడలేకపోయాడు.

సాయంత్రం అతను హైమవతి గారి దగ్గరికి వెళ్లి, "నన్ను ఇంకెక్కడికైనా పంపించేయండి మేడమ్. నాలాంటివాడు మీ దగ్గర ఉండకూడదు" అన్నాడు.

ఆమె లేచి, పాడైపోయిన పలక ఒకదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అతన్ని చూడమన్నారు. నల్ల చుక్క నడుమ నలుసు ఒకటి మిలమిలలాడుతోంది.

"అదీ వెండే పాణీ" అన్నారు హైమవతి గారు. "వాలకూడని చోట వాలింది."