రేకుల కింద మధ్యాహ్నం

ఎవరైనా ప్రశ్న అడిగితే యోగాంబ గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఇది ఎక్కడ జరిగింది?" అని అడిగేవారు. వీలుంటే ఆ చోటికి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేవారు. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆవిడ మరే పనీ పెట్టుకోలేదు. ఆదివారం ఉదయాలు ఆవిడ ఇంటి వసారాలో మేం కొందరం చేరేవాళ్లం. ఆవిడను అమ్మా అని పిలిచేవాళ్లం.

మాలో నిష్ఠ గలవాడంటే వేదాద్రే. చలికాలంలో తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసేవాడు. ఎండాకాలంలో ఆఫీసులో ఫ్యాను కూడా వేసుకునేవాడు కాదు. ఊళ్లోని విత్తన రైతుల సహకార సంఘానికి అతను కార్యదర్శి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం అతను అడిగాడు:

"అమ్మా, ఓర్పును ఇంకొకరికి నేర్పడం ఎలా?"

ఆ ఇంకొకరు గౌసియా బేగం. సంఘం ఆఫీసులో గుమాస్తా. పనిలో ఏనాడూ మాట పడని మనిషి. అలాంటిది ఆ వేసవి మొదలైనప్పటి నుంచీ, మధ్యాహ్నం కాగానే కుర్చీ వరండాలోకి లాక్కుని అక్కడ కూర్చుని పని చేసుకుంటోంది. కౌంటరు దగ్గరికొచ్చిన రైతులు ఖాళీ సీటు చూసి వెనక్కి పోతున్నారు. వేదాద్రి రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె తలవంచుకుని విన్నది గాని కారణం చెప్పలేదు.

"ఎండ అందరికీ ఒకటే కదమ్మా. నేను కూర్చోవడం లేదా? ఇక మెమో ఇవ్వక తప్పదు. ఇచ్చే ముందు నాలుగు మంచి మాటలు చెబుదామని ఉంది. ఏం చెప్పమంటారు?"

మెమో పడితే గౌసియాకు రావలసిన ప్రమోషను ఆగిపోతుందని అక్కడున్న మా అందరికీ తెలుసు. వేదాద్రికీ తెలుసు. అందుకే అతని గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది.

"రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఆఫీసుకు వస్తాను" అన్నారు యోగాంబ గారు.

మర్నాడు ఆవిడ వెంట నేనూ వెళ్లాను. ఆ ఆఫీసులో ముందున్న హాలు తర్వాత కట్టింది. పైన రేకులు, పడమటి వైపు ఒంటి ఇటుక గోడ. ఉన్న రెండు ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతున్నాయి. వేదాద్రికి కబురు పెట్టనివ్వకుండా, ఆవిడ గౌసియా బల్ల పక్కన రైతుల కోసం వేసిన బెంచీ మీద కూర్చున్నారు.

గౌసియా ఆ రోజు తన సీట్లోనే ఉంది. తడిపిన చేతిరుమాలు మెడ మీద వేసుకుని ఏదో రాసుకుంటోంది. పెద్దావిడను చూసి గబుక్కున లేచింది.

"ఇక్కడ కూర్చోకండమ్మా, రేకుల వేడి నేరుగా తగులుతుంది. వరండాలో నీడ ఉంది, రండి."

"మరి నువ్విక్కడే ఉన్నావుగా?"

"సారుకు కోపంగా ఉందమ్మా. ఇవాళ లేవకూడదనుకున్నాను." ఒక్క క్షణం ఆగి, గొంతు బాగా తగ్గించింది. "మీరిద్దరూ ఆడవాళ్లు కాబట్టి చెబుతున్నా. ఏడాదిగా ఉన్నట్టుండి ఒంట్లోంచే ఆవిర్లు కమ్ముకొస్తున్నాయి. ముట్లుడిగే వయసులో ఇది మామూలేనంది డాక్టరమ్మ. పైన ఈ వేడి, లోపల ఆ వేడి. కళ్లు తిరుగుతాయి. సారుకు ఇదంతా ఏమని చెప్పుకోను?"

యోగాంబ గారు ఆమె చేతి మీద చెయ్యి వేశారు.

అంతలో వేదాద్రి ఎవరో చెప్పగా విని తన గదిలోంచి పరుగున వచ్చాడు. "అయ్యో, ఇక్కడ కూర్చున్నారేంటమ్మా? లోపలికి రండి."

"ఇక్కడే కూర్చుంటాను నాయనా. నువ్వూ కూర్చో."

గురువును బెంచీ మీద వదిలి గదిలోకి వెళ్లలేడు కదా, పక్కనే కూర్చున్నాడు. రైతులు వస్తున్నారు, పోతున్నారు. వేదాద్రి చొక్కా వీపుకు అంటుకుపోయింది. చాలాసేపు కదలకుండా, నిటారుగా కూర్చున్నాడు. కాని అతని చూపు మాటిమాటికీ యోగాంబ గారి మీదికే పోతోంది. ఆవిడ ముఖం కందిపోయింది. కణతల మీంచి చెమట ధారగా కారుతోంది. ఊపిరి బరువుగా తీస్తున్నారు.

ఇక అతను ఆగలేకపోయాడు. ఎవరికీ పురమాయించకుండా తనే గదిలోకి పరిగెత్తి కుండలోని నీళ్లు తెచ్చాడు. తన తువ్వాలు తడిపి ఆవిడ తల మీద కప్పాడు. గదిలో వాడకుండా మూలన పెట్టిన టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి ఆవిడకు ఎదురుగా పెట్టాడు. "వడదెబ్బ తగులుతుందమ్మా, తాగండి, ముందు తాగండి" అంటూ గ్లాసు అందించాడు. హాల్లో వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

ఆవిడ నెమ్మదిగా నీళ్లు తాగి గ్లాసు చేతికిచ్చారు.

"వేదాద్రీ, నాకెందుకు ఓర్పు నేర్పలేదు?"

అతను గ్లాసు పట్టుకుని పక్కకు తిరిగి చూశాడు. గౌసియా ముఖం కూడా అలాగే కందిపోయి ఉంది. అతను మళ్లీ గదిలోకి వెళ్లి ఇంకో గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "తీసుకోమ్మా" అన్నాడు.

అప్పుడు యోగాంబ గారు లేచి అతని గదిలోకి వెళ్లారు. అది పాతకాలపు కట్టడం. మూరెడు మందం రాతి గోడలు, పైన మట్టి మిద్దె, కిటికీ బయట వేపచెట్టు నీడ. "ఇది వేరే ఊరులా ఉందే!" అన్నారావిడ. వేదాద్రి తలెత్తలేదు. పొద్దున వస్తూ, సాయంత్రం పోతూ తప్ప ఆ హాల్లో అతను ఆగి నిలబడింది లేదు.

గౌసియా చెప్పిన సంగతి ఆవిడ అతనితో అనలేదు. అతనూ అడగలేదు. గౌసియా ఉద్యోగం చాలించాక, సరేనని ఆమె అన్నాకే నేనిది రాస్తున్నాను.

ఆ వారం తిరక్కుండా రేకుల మీద సున్నం పూశారు. పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టారు. గౌసియా బల్లా, కౌంటరూ వేదాద్రి గదిలోకి మారాయి. మిగతావాళ్లు మధ్యాహ్నాలు వంతులవారీగా అక్కడికొచ్చి పని చేసుకునేలా ఏర్పాటయింది. వేదాద్రి బల్ల హాల్లోకి వచ్చింది. మెమో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ చలికాలంలోనే గౌసియాకు ప్రమోషను వచ్చింది.

ఇదంతా జరిగిన ఆ వేసవిలోనే, మామిడిపళ్లు వచ్చే వేళకు ఒక ఆదివారం వేదాద్రి మామూలుగానే వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. మెడ చుట్టూ ఎర్రగా చెమటకాయలు పేలి ఉన్నాయి.

"అమ్మా, నా ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఓర్పు ఇంకొకరికి నేర్పడం ఎలాగో మీరు చెప్పనే లేదు."

యోగాంబ గారు అతని మెడ వంక చూసి నవ్వారు.

"నేర్పడం సంగతి తర్వాత చూద్దాంలే నాయనా. లోపల గిన్నెలో గంధం ఉంది. ముందు వెళ్లి రాసుకో."