చప్పుడు లేని చాటింపు

అనగనగా ఒక అడవి. అడవంటే మీరనుకునే అడవి కాదర్రా, ఆ అడవి నడుమ పెద్ద పట్నం. మూడంతస్తుల పుట్టలు, కొమ్మకు పది గూళ్ళు. తెల్లారితే చాలు, చీమల బారులతో దారులన్నీ మూసుకుపోయేవి. అబ్బో, ఆ హడావిడి చెప్పతరం కాదు! దాని పేరు ఆకులపట్నం.

ఆకులపట్నం వాళ్ళకి ఆటపాటలంటే ప్రాణం. వాళ్ళకొక కళాసంఘం ఉండేది. నెలకోసారి సాయంత్రం పూట నల్లబండ మీద కచేరీ పెట్టేవారు. పాడేవాళ్ళు పాడొచ్చు, ఆడేవాళ్ళు ఆడొచ్చు, ఏదీ రానివాళ్ళు వేరుశనక్కాయలు నములుతూ చూడొచ్చు. కాకపోతే ముందుగా సంఘం కార్యదర్శి దగ్గర పేరు రాయించుకోవాలి. ఆరు పేర్లు కాగానే చిట్టా మూసేస్తారు. ఆ కార్యదర్శి ఒక కొంగ. పేరు పరంధామం గారు. ఒంటికాలి మీద నిలబడి మరీ రాసేవారు, అంత నిష్ఠ ఆయనకి.

కచేరీ ఏ రోజో పరంధామం గారే మబ్బుల్ని చూసి నిర్ణయిస్తారు. మరి పట్నానికంతా ఎలా తెలుస్తుంది? వడ్రంగిపిట్ట వీరాస్వామి చాటింపు వేస్తాడు. మూడు కూడళ్ళు తిరగాలి. ఒక్కో కూడలిలో మూడుసార్లు చాటాలి. అది పట్నం కట్టుబాటు. ఎండుమాను మీద ముక్కుతో టకటకా దరువేసి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా..." అని వీరాస్వామి గొంతెత్తితే నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

వీరాస్వామికి ఒకే ఒక్క కోరిక. తన దరువు ఊరికే చాటింపుకే కాదు, నల్లబండ మీద కచేరీగా మోగాలి. మూడేళ్ళుగా ఒక పెద్ద దరువు సాధన చేస్తున్నాడు. ఏం లాభం? మూడు కూడళ్ళూ తిరిగి, రెక్కలు పడిపోయి, కొంగ దగ్గరికి వచ్చేసరికి ఆరు పేర్లూ నిండిపోయేవి.

"అయ్యో వీరాస్వామీ, ఇప్పుడే మూశానయ్యా. వచ్చేనెల చూద్దాం" అనేవారు పరంధామం గారు.

మూడేళ్ళయినా ఆ వచ్చేనెల రాలేదు, పాపం. నిజం చెప్పొద్దూ, నాకూ జాలేసింది. కానీ ఆ తర్వాత వాడు చేసిన నిర్వాకం వినండి.

వానాకాలం చివరి కచేరీ వచ్చింది. పరంధామం గారు వీరాస్వామిని పిలిచి, "గురువారం సాయంత్రం కచేరీ. వెళ్ళి చాటించిరా" అన్నారు.

వీరాస్వామి కొమ్మ మీద కూర్చుని ఆలోచించాడు. "అందరినీ పిలిచేది నేను. ఆఖరికి మొండిచెయ్యి చూసేది కూడా నేనే. ఈసారి ఎలాగైనా నా పేరే ముందుండాలి. చాటింపు మానేస్తే తప్పవుతుంది. మాననులే. మెల్లగా వేస్తాను. మెల్లగా వేయకూడదని కట్టుబాటులో ఎక్కడుంది?" అనుకున్నాడు.

చూశారా వాడి తెలివి!

మొదటి కూడలి ఎలుగుబంట్ల పేట. వాళ్ళందరూ తేనె తాగి గుర్రుపెట్టే నడిమధ్యాహ్నం చూసుకుని వెళ్ళాడు. టిక్, టిక్, టిక్ అని మునిముక్కుతో తట్టాడు. ఎలుగుబంట్ల గురక ముందు అదెంత? ఒక్కడూ కదల్లేదు. మూడుసార్లు గొణిగేసి ఎగిరిపోయాడు.

రెండో కూడలి వెదురు సంత. ఆ రోజు సంతకి సెలవు. అక్కడ ఒక్క తాబేలు తాతమ్మ తప్ప పురుగు కూడా లేదు. తాతమ్మకి పుట్టుచెవుడు. ఆవిడ పక్కనే ఉన్న వెదురుగడని టిక్ టిక్ అని తట్టి, మూడుసార్లు చెప్పి, "తాతమ్మా, నీకు చెప్పానే!" అని కూడా అన్నాడు. తాతమ్మ తన డిప్ప గోక్కుంటూ వాడికేసి అదోలా చూసింది.

మూడో కూడలి జలపాతం. అక్కడ నీళ్ళ హోరులో ఏనుగు ఘీంకరించినా వినపడదు. వీరాస్వామి మూడుసార్లు నోరాడించాడు. అంతలో ఒక చిన్న కప్ప రాళ్ళ మీదుగా గెంతుకుంటూ దగ్గరికొచ్చింది. దాని పేరు చిట్టెమ్మ.

"అన్నా, ఏదో అంటున్నావు. కచేరీ కబురేనా? ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నా. ఈసారి నేను పాడాలి" అంది చిట్టెమ్మ.

వీరాస్వామి అటూ ఇటూ చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

"అబ్బే, ఏం లేదు చిట్టెమ్మా. ముక్కు దురదగా ఉంటే చెట్టుకి రాసుకుంటున్నా" అని తుర్రుమన్నాడు.

నేరుగా పరంధామం గారి దగ్గర వాలాడు. చిట్టా ఖాళీ. ఎగిరి గంతేసినంత పని చేసి తన పేరు రాయించుకున్నాడు. ఒకరోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. వీరాస్వామి పేరు కింద మరో పేరు పడితే ఒట్టు.

"ఏమయ్యా, సరిగ్గా చాటించావా?" అని అడిగారు పరంధామం గారు.

"మూడు కూడళ్ళు, మూడేసి సార్లండీ. ఏం చేస్తాం, జనానికి కళలంటే ఆసక్తి తగ్గిపోతోంది" అని నిట్టూర్చాడు వీరాస్వామి. ఆ నిట్టూర్పు చూసి పరంధామం గారు కూడా నిట్టూర్చారు.

గురువారం వచ్చింది. వీరాస్వామి ముక్కుకి నూనె రాసుకుని, తలమీద ఎర్ర కుచ్చు దువ్వుకుని నల్లబండ చేరాడు. బండ మీద తనకోసం మాంచి ఎండుదుంగ పెట్టించాడు. ఎదురుగా పరంధామం గారు మూడువందల ఆకులు పరిచారు, ప్రేక్షకులు కూర్చోడానికి.

మూడువందల ఆకులూ గాలికి రెపరెపలాడుతున్నాయి. నరమానవుడు లేడు. అదే లెండి, పిట్ట లేదు, పిల్లి లేదు!

అప్పుడు తట్టింది వాడికి. పాడేవాళ్ళనీ చూసేవాళ్ళనీ పిలిచేది ఆ ఒక్క చాటింపే కదా! పేర్లు రాయించుకునేవాళ్ళు రాకూడదని దాన్ని మింగేస్తే, చూసేవాళ్ళు మాత్రం ఎలా వస్తారు?

"మూడేళ్ళు కష్టపడింది ఈ ఎండుటాకులకి వినిపించడానికా?" అని వీరాస్వామి దిగులుగా కూర్చున్నాడు.

అంతలో పొదల్లోంచి తాబేలు తాతమ్మ వచ్చింది. ఒగరుస్తోంది. నోట్లో శొంఠికొమ్ము ఉంది. దాన్ని వీరాస్వామి ముందు పెట్టింది.

"ఒరే నాయనా, వంట్లో ఎలా ఉందిరా?" అంది. "నాకు చెవులు లేవు కానీ నీ చాటింపు నా డిప్పకి తెలుస్తుంది. నువ్వు దరువేస్తే నేల అదిరి నా డిప్ప దడదడలాడేది. మొన్న ఏదో చక్కిలిగింత పెట్టినట్టుంది, అంతే. పిల్లాడికి జబ్బు చేసినట్టుందని అప్పుడే బయల్దేరాను. ఇదిగో, ఇప్పటికి చేరాను."

వీరాస్వామికి తల ఎత్తుకోబుద్ధి కాలేదు. తను మోసం చేస్తే, ఆవిడ శొంఠికొమ్ము పట్టుకుని అంత దూరం నడిచొచ్చింది!

ఆ వెనకే చిట్టెమ్మ వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది.

"పరంధామం గారూ, వెళ్ళొస్తానండీ" అంది. "వానలు వెనకబట్టాయి. రేపు నేను మట్టిలోకి దిగిపోవాలి. మళ్ళీ తొలకరికే పైకి రావడం. ఈ ఏడు ఒక్కసారైనా పాడదామని పాట సిద్ధం చేసుకున్నా. ఈ నెల కచేరీ పెట్టలేదటగా? పోనీలెండి."

పరంధామం గారు రెండో కాలు కూడా కింద పెట్టేశారు. "పెట్టలేదేమిటమ్మా! మీ వీధిలో చాటింపు వేయలేదూ?" అన్నారు.

చిట్టెమ్మ వీరాస్వామి వంక చూసింది. పరంధామం గారూ చూశారు. తాతమ్మకి వినపడకపోయినా ఆవిడా చూసింది.

వీరాస్వామికి ఏడుపొచ్చేసింది. "చిట్టెమ్మా, ఆ రోజు ముక్కు దురద కాదు, చాటింపే. నా పేరొక్కటే ఉండాలని నీకు అబద్ధం చెప్పాను. బుద్ధి గడ్డి తిన్నది. పరంధామం గారూ, నా పేరు కొట్టేసి చిట్టెమ్మ పేరు రాయండి" అన్నాడు.

"రాయడానికేం, రాస్తాను. వినేవాళ్ళేరీ? ఇంకా బారెడు పొద్దే ఉంది" అన్నారు పరంధామం గారు కోపంగా.

వీరాస్వామి ఆ మాట పూర్తికానివ్వలేదు. రివ్వున ఎగిరి, పట్నంలో అన్నిటికంటే ఎత్తయిన ఎండుమద్ది చెట్టు ఎక్కాడు. ముక్కు పగిలినా సరే అన్నట్టు కొట్టాడు చూడండీ దరువు! పుట్టలు అదిరాయి. గూళ్ళు ఊగాయి. కింద తాతమ్మ డిప్ప దడదడలాడింది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! నల్లబండ మీద ఇప్పుడే కచేరీ! ఎవరైనా ఆడొచ్చు, ఎవరైనా పాడొచ్చు! మొన్న మీకు వినపడకుండా చాటించింది నేనే! తప్పు నాదే! తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి, ముందు రండహో!"

ఇంకేముంది, పట్నం పట్నమంతా కదిలింది. ఎలుగుబంట్లు కళ్ళు నులుముకుంటూ వచ్చాయి. "ఆ టిక్కుటిక్కు నువ్వేనట్రా! కలేమో అనుకున్నాం" అని దారి పొడుగునా తిట్టాయి. వీరాస్వామి నోరెత్తకుండా పడ్డాడు. పడాల్సిందే మరి.

ముందు చిట్టెమ్మ బండ ఎక్కింది. అంతమందిని చూసి బెదిరిపోయింది. "నా గొంతు చిన్నది. తాళం లేకపోతే పాట తప్పిపోతాను. ఎవరైనా తాళం వేస్తారా?" అంది.

వీరాస్వామి భయం భయంగా దగ్గరికెళ్ళాడు. "నేను వెయ్యనా?"

చిట్టెమ్మ వాడి ముక్కు వంక చూసి, "గట్టిగా కొడితే నా పాట వినపడదు. మెల్లగా కొట్టడం వచ్చా?" అంది.

"అదా? మొన్ననే నేర్చుకున్నాను" అన్నాడు వీరాస్వామి సిగ్గుపడుతూ.

టిక్... టిక్... టిక్... దొంగచాటింపు కోసం పట్టిన మునిముక్కు దెబ్బ చిట్టెమ్మ పాటకి అతికినట్టు సరిపోయింది. చిట్టెమ్మ వానని సాగనంపుతూ పాడింది. తాతమ్మ దుంగకి డిప్ప ఆనించి కూర్చుని తల ఊపింది. పాట అయ్యేసరికి పరంధామం గారు ముక్కు పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఐదుగురు ఆడారు, పాడారు. అంతలో చీకటి పడింది. వీరాస్వామి పెద్ద దరువు మాత్రం ఆ రోజూ మోగలేదు. దక్కలేదని వాడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. అలిసిన జనానికి దారి చూపించి, తాతమ్మని తోడుండి దిగబెట్టి వచ్చాడు.

అయితే మూడేళ్ళుగా వాడికి జరుగుతున్నదేమిటో ఆ రోజే పరంధామం గారికి బుర్రకెక్కింది. "చాటింపు వేసేవాడు తిరిగొచ్చాకే చిట్టా తెరవాలి" అని కొత్త కట్టుబాటు పెట్టారు.

మరుసటి నెల వీరాస్వామి మూడు కూడళ్ళలోనూ గొంతు పోయేలా చాటించి వచ్చాడు. చూస్తే ఏముంది, చిట్టా ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి బారు! వాడు అలవాటుగా బారు చివరికి వెళ్ళబోయాడు. "ఎక్కడికిరా? నీ చోటు ఇక్కడుంది" అని అరిచింది ఒక ఎలుగుబంటి. బారులో మొదటి చోటు ఖాళీగా ఉంది. అందరూ దాన్ని అట్టే ఉంచారు.

ఆ నెల పెద్ద దరువు మోగింది. మూడువందల ఆకుల మీదా జనమే. తాతమ్మ నాలుగు రోజుల ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంది. మట్టి కింద నిద్రపోతున్న చిట్టెమ్మ, కళ్ళు తెరవకుండానే కాలితో తాళం వేసిందట.

నీతి: నలుగురికీ చెప్పాల్సిన కబురు దాచుకుని దక్కించుకున్న అవకాశం, చూసేవాళ్ళు లేని కచేరీ అవుతుంది.