తిప్పక్క అల్లనన్న ఉయ్యాల

అనగనగా అన్నానంటే మీరు ఊఁ కొట్టాలి, లేకుంటే కథ అలిగి వెనక్కి పోతుంది. అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చివర మేదరి తిప్పక్క. మొగుడు లేడు, బిడ్డల్లేరు. వెదురు చీల్చడం, చేటలూ బుట్టలూ అల్లడం, అమ్ముకు తినడం, అంతే ఆమె బతుకు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఏ బిడ్డ ఉయ్యాల ఆ బిడ్డదే. ఒక కాన్పు అయ్యాక, ఇంకో బిడ్డ కోసం కొత్త వెదురు ఉయ్యాల దూలానికి కడితేనే కోడలు మళ్లీ మొగుడి గదిలోకి పోవాలి. అంతవరకూ అత్త పక్కనే పడక. ఆచారం మంచిదే. కానీ అత్తలకు ఓపికుండాలి కదా! పురిటి స్నానం కాగానే తిప్పక్కకు కబురొచ్చేది. ఆమె అల్లి ఇచ్చేది.

పాడెకు వెదురు కూడా ఆమే కొట్టి ఇచ్చేది. ఉయ్యాల కోసం ఏ ఇంటివాళ్లు తొందరపడి వస్తారో, పాడె వెదురు కోసమూ ఆ ఇంటివాళ్లే వస్తున్నారని తిప్పక్క ఏళ్ల తరబడి చూసింది. ఎవరితోనూ అనలేదు. అన్నా వినేదెవరు?

పెద్దింటి సుంకమ్మ పెద్దకోడలు అలాగే పోయింది. ఏటా ఒక ఉయ్యాల, ఆఖరికి పాడె. ఆ రోజు తిప్పక్క అన్నం ముట్టలేదు. ఇప్పుడు చిన్నకోడలు ఓబులమ్మ తొలికాన్పుకే చావు తప్పించుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది. బిడ్డ ఇంకా పాకుతోంది. అప్పుడే సుంకమ్మ పాలేరును పంపింది.

"ఉయ్యాల అల్లమనింది మా యమ్మ."

ఇంకో పాడెకు వెదురు కొట్టాల్సి వస్తుందేమోనని తిప్పక్కకు భయం వేసింది. కత్తి పక్కన పెట్టి అంది:

"అల్లనంటే అల్లను. పెద్దబిడ్డ తన కాళ్లతో రావల్ల, తన నోటితో అడగల్ల. అప్పుడు అల్లుతా."

ఊరంతా నవ్వింది. సుంకమ్మ మండిపడి పక్క ఊళ్లకు మనిషిని తోలింది. పక్క ఊళ్ల మేదర్లంతా తిప్పక్క చుట్టాలే! "ఆమె అల్లంది మేమెట్ల అల్లుతాం?" అన్నారు.

మనవరాలిని చంకనేసుకుని సుంకమ్మే వచ్చింది. "ఇదో, వచ్చింది. అల్లవే తిప్పీ."

"ఎవరి కాళ్లతో వచ్చింది తల్లీ? అల్లనంటే అల్లను. పెద్దబిడ్డ తన కాళ్లతో రావల్ల, తన నోటితో అడగల్ల."

సుంకమ్మ మొండిది. బిడ్డ తప్పటడుగులు వేసే దాకా ఆగింది. 'అవ్వా, ఉయ్యాల' అనే మాట నేర్పింది. వేలు పట్టుకుని నడిపించుకొచ్చింది. "అడుగే నా బంగారూ, అడుగు!"

బిడ్డ వెదురు చూసింది. తిప్పక్కను చూసింది. గిరుక్కున తిరిగి నాయనమ్మ వైపు రెండు చేతులూ చాపింది.

"ఎత్తుకో!"

తిప్పక్క మెల్లగా అంది: "విన్నావా తల్లీ? బిడ్డ నోరు తెరిచి అడిగింది, చంక కావాలంట. ఇది దిగకుండా నీ కోడలు ఇంకోదాన్ని యాడ ఎత్తుకుంటాది? పెద్దకోడలికి అడిగినన్ని ఉయ్యాలలు అల్లినా. పాడెకూ నేనే కొట్టినా. ఈ పిల్లకు కొట్టలేనమ్మా. అల్లనంటే అల్లను."

సుంకమ్మ బిడ్డను ఎత్తుకుని, దాని భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. "నువ్వయినా ఆపితివి తిప్పక్కా" అంది. ఇంటికి పోయి కోడలి మంచం తన పక్క నుంచి కదలనీయలేదు. ఆ సంగతి విన్న ఓబులమ్మ, కాన్పయ్యాక మొదటిసారి, ఆకలవుతోందని అన్నం పెట్టించుకుంది.

వానలొచ్చాయి, పోయాయి. మళ్లీ వచ్చాయి, పోయాయి. ఒకనాడు ఆ పిల్ల ఒక్కతే గంతులేసుకుంటూ వచ్చింది.

"అవ్వా, మాకు ఉయ్యాల కావల్ల! తమ్ముడైనా సరే, చెల్లెలైనా సరే!"

తిప్పక్క నవ్వింది, కళ్లు తుడుచుకుంది, కత్తి తీసింది. ఓబులమ్మకు సుఖంగా కాన్పయింది. మూడో నాటికే లేచి కూర్చుని, పథ్యం కూట్లో ఉప్పు లేదని అత్తను దబాయించింది. అమ్మయ్య అనుకుంది ఊరంతా.

తిప్పక్క పండుముసలై కన్నుమూసింది. ఆమె పాడెకు వెదురు ఊరి కోడళ్లే కొట్టుకొచ్చారు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో ఎవరైనా కోడలిని "రెండోది ఎప్పుడమ్మా?" అని అడిగితే, ఆమె చంకలో బిడ్డను చూపిస్తుంది. "ఉయ్యాల ఇది అడగల్ల గదా!" అంటుంది. అడిగినవాళ్లు నోరు మూసుకుంటారు. ఉయ్యాల కోసం గుమ్మంలోకి వచ్చిన పిల్లను మేదరి అవ్వలు ఇప్పటికీ మొదట అడిగేది ఒకటే మాట:

"ఎవరి కాళ్లతో వచ్చినావు తల్లీ?"

"నా కాళ్లతోనే" అంటేనే కత్తి తీస్తారు.