ముందు కమాను చూడండి

అనగా అనగా, మోటారు కనబడితే జనం చెప్పులు విప్పి దండం పెట్టే కాలంలో, ఒక దొర. దొరకొక కోట, కోటకొక మోటారు, మోటారుకొక కొట్టం. ఆ కొట్టం ఊడ్చే మనిషి పోలమ్మ. కమ్మరింట పుట్టింది. పదేళ్లకే కొలిమితిత్తి పట్టింది. ఇరవైకి మొగుణ్ణి పోగొట్టుకుంది.

దొర కొడుక్కి పెళ్లయింది. పెళ్లికూతురు పొలిమేరదాకా పల్లకిలో వచ్చి, అక్కడ మోటారెక్కి కోటలోకి రావాలి. అది ఆ ఇంటి మర్యాద. పిల్ల ఎడమ వెనకసీట్లో కాలు పెట్టింది. మోటారు మూలిగింది, కుంగింది. "కాలు మంచిది కాదు" అన్నాడు దొర. పల్లకి వెనక్కి తిరిగింది. ఆ కాళ్లకు పారాణి ఆరనైనా లేదు.

మరుసటేడు రెండో పిల్ల. కాలు పెట్టింది. మోటారు మూలిగింది, కుంగింది. "కాలు మంచిది కాదు." పల్లకి వెనక్కి తిరిగింది. పెళ్లికొడుకు తాంబూలం నములుతూ చూశాడు.

మర్నాడు చక్రాల బురద కడుగుతుంటే పోలమ్మ వేలికి పగులు తగిలింది. ఇనుప పట్టీలు కట్టగా పేర్చిన కమాను మీదే బండి బరువంతా నిలబడుతుంది. ఎడమ కమానులో మూడో పట్టీ విరిగి ఉంది. దొర ఎప్పుడూ ముందు, కుడివైపు కూర్చుంటాడు. ఎడమ వెనకసీటు ఆడవాళ్లది. దాని కింద ఏం విరిగితే ఎవడిక్కావాలి?

మూడో సంబంధం కుదిరింది. పోలమ్మ కొట్టం గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీసుకుంది. మొదటిరోజు బండెత్తి దుంగలు పెట్టాలి. రెండోరోజు కమాను విప్పి, కొత్త పట్టీ కాల్చి, వంచి, గట్టిపడేలా పదును పెట్టాలి. మూడోరోజు బిగించాలి. పుట్టింటి కొలిమి ఎలాగూ ఉంది. వెళ్లి దొరకు చెప్పింది.

"పెళ్లి మోటారును ముండమోపి ముట్టడమా?" అన్నాడు దొర.

"రోజూ కడుగుతున్నది నేనే కదా, బాబూ."

"కడగడం వేరు."

గోడమీద గీతలకు సున్నం కొట్టించాడు.

మూడో పిల్ల పేరు సీతాయమ్మ. పల్లకి దిగింది. సన్నాయి మోగుతోంది. పిల్ల కాలెత్తేలోగా పోలమ్మ జనాన్ని తోసుకొచ్చి ఎడమ వెనకసీట్లో కూర్చుంది. మోటారు మూలిగింది, కుంగింది. సన్నాయి ఆగింది.

"నా కాలూ చెడ్డదే బాబూ, ఒప్పుకుంటాను. ఇప్పుడు తమరి కాలు చూద్దాం, ఎక్కండి."

ఆమెను రెక్కపట్టి లాగడానికి దొర మెట్టుమీద కాలు వేశాడు. కమాను ఫెళ్లున విరిగింది. మోటారు ఒరిగింది. దొర తలపాగాతో సహా గుంటలో పడ్డాడు. నవ్వే ధైర్యం ఎవరికుంది? నవ్వింది సీతాయమ్మ ఒక్కతే.

"మామగారిని కూడా పుట్టింటికి పంపుతారా?" అంది.

విరిగిన కమాను చూపించి, తాను బాగుచేయగలనంది పోలమ్మ. ఆమె చేత్తో బాగుచేస్తేనే ఎక్కుతానని సీతాయమ్మ, లేదంటే తన పల్లకి తనకుందని చెప్పి పొలిమేరలోనే కూర్చుంది. పడిపోయిన దొరకు వేరే దారి లేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. గోడమీద చెరిపిన గీతలు పోలమ్మ తలలో చెరగలేదు. నాలుగోనాడు సీతాయమ్మ కాలు పెట్టింది. మోటారు మూలగలేదు, కుంగలేదు.

పోలమ్మకు ఏం దక్కింది? అపశకునం మనిషని కొట్టంలోంచి వెళ్లగొట్టారు. చలిజ్వరంతో పుట్టింటి కొలిమి పక్కనే పోయింది. దొర తన మోటారుకు మాత్రం పటం కట్టించుకున్నాడు.

ఆ పటం చెదలు తినేసింది. పోలమ్మను మాత్రం ఆడవాళ్లు పోనివ్వలేదు. ఇప్పటికీ ఆ వైపు పెళ్లికూతురు బండెక్కేముందు మగపెళ్లివారి పెద్ద ఎడమ వెనకసీట్లో కూర్చుని మూడుసార్లు ఊగి దిగాలి. దిగేదాకా బండి కదలనివ్వరు. ఏ ఇంట్లోనైనా వచ్చిన నష్టాన్ని కోడలి కాలికి చుట్టబోతే, మూలనుంచి ఒక ముసలమ్మ అంటుంది: "ముందు కమాను చూడండి."

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోదు. వెనక్కి తిరిగిన ఆ రెండు పల్లకీలను పిలుచుకు రావడానికి ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.