పావురాయి మెడకి రంగెలా అంటింది

“తడిపి పిండవే, పిండి దులపవే, దులిపి...”

ఆ తర్వాతి ముక్క, అద్దకం పనిచేసే ఓర్సోలమ్మకి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్నప్పటి పాట మరి. అందుకే మళ్లీ మొదటికే వచ్చేది.

ఒకప్పుడు, ఆ ఓర్సోలమ్మ రోజుల్లో, పావురాయి మెడ ఒట్టి బూడిద రంగు. నీళ్లు తాగడం కూడా మిగతా పిట్టల్లాగే. ముక్కుతో ఒక చుక్క పట్టడం, తల పైకెత్తి మింగడం.

ఇటలీ దేశంలో కొండమీద వాళ్ల ఊరు. ఊరి నడుమ పాతకాలపు రాతి ఫౌంటెన్. రాతి సింహం నోట్లోంచి నీళ్లు బుడబుడమని పై తొట్టిలో పడతాయి. అవి మనుషులకి. అక్కడ పొర్లినవి నడిమి తొట్టిలోకి, గాడిదలకీ పిట్టలకీ. అదీ పొర్లితే కింది తొట్టి, బట్టలకి. ఈ వరస ఎవరూ తప్పరు.

ఆ ఎండాకాలం సింహం నోట సన్నటి ధారే మిగిలింది. కింది తొట్టి ఎండిపోయింది. ఆ రోజేమో వీధికో జెండాతో ఊరేగింపు. ఓర్సోలమ్మ తన వీధి జెండాకి ఆకుపచ్చా ఊదా అద్ది, జాడించడానికి పరుగెత్తుకొచ్చింది. నడిమి తొట్టిలో ముంచబోయింది.

“ఆగవ్వా,” అంది పావురాయి. సింహం చెవిలోనే దాని గూడు. “రంగు కలిస్తే నా పిల్లలకి నీళ్లేవి? పొద్దుట్నుంచి దాహంతో నోళ్లు తెరుచుకునున్నాయి.”

“ఊరేగింపు గంటలు మోగబోతున్నాయి తల్లీ. గబగబా తాగి, పిల్లలకి గొంతు నిండా పట్టుకెళ్లు.”

పావురాయి ఒక చుక్క తాగి తలెత్తింది. ఇంకో చుక్క తాగి మళ్లీ తలెత్తింది.

“నీకు ఆకాశంతో ఏం పనే?” అంది పక్కనున్న గాడిద. “మాలాగ మూతి ముంచి పీల్చు.”

ముంచింది. తల ఎత్తకుండా గటగటా పీల్చింది. అంతలో గంటలు మోగాయి. కంగారులో ఓర్సోలమ్మ చేతుల్లోంచి జెండా జారి పావురాయి మెడ మీదే దబ్బున పడింది.

ఓర్సోలమ్మ సబ్బు పెట్టి రుద్దింది. రుద్దేకొద్దీ మెడ తళతళలాడింది. గాడిద నవ్వలేక కూలబడింది.

గూటికెళ్తే పిల్లలు నోళ్లు మూసుకున్నాయి. “ఎవరు నువ్వు? నెమలివా?”

“మీ అమ్మనే. ముందు తాగండి, తర్వాత తీరిగ్గా చూసుకుందురు గాని.”

గొంతు పోల్చుకుని నోళ్లు తెరిచాయి. అమ్మ గొంతులో తెచ్చిన నీళ్లు కడుపునిండా తాగాయి.

అప్పటినుంచే పావురాయి తల ఎత్తకుండా నీళ్లు తాగుతుంది, దాని మెడ ఎండలో ఆకుపచ్చగా ఊదాగా మెరుస్తుంది. జెండా మాత్రం రంగంతా పావురాయికే అంటి వెలిసిపోయింది. దాన్ని భుజాన వేసుకుని పోతూ పోతూ ఓర్సోలమ్మ పావురాయితో చివరగా ఇలా అంది:

“మా వీధి జెండా ఏదంటే ఇక నిన్నే చూపిస్తా. పద, ఊరేగింపులో ముందు నువ్వే ఎగరాలి.”