ఉడుత పిల్లలకు బారసాల

తెనాలిలో శేషారత్నం అనే ఇల్లాలు ఉండేది. ఆమె మనసు వెన్నే గాని, చేసిన మంచి పదిమంది చెవినా పడేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. ఎండాకాలం గేటు ముందు చలివేంద్రం పెడితే, కుండ కంటే ఆమె పేరు రాసిన బోర్డే పెద్దదిగా ఉండేది. పక్కింట్లో ఎవరికైనా జ్వరమొస్తే జావ కాచి పట్టుకెళ్లేది. జ్వరం తగ్గిపోయేది గాని, ఆ జావ సంగతి మాత్రం వీధిలో తిరుగుతూనే ఉండేది. "గోరంత చేసి కొండంత చెప్పుకుంటుంది" అని వెనకాల నవ్వుకునేవాళ్లు కూడా ఎదురుపడితే "నీలాంటి వాళ్లు అరుదమ్మా" అనేవారు. ఆ ఒక్క మాటతో ఆమె కడుపు నిండిపోయేది.

ఆమె భర్త పానకాలరావు రైసు మిల్లులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. భార్య చేసే మంచిపనుల గురించి ఆయనకు తెలియంది లేదు, ఎందుకంటే రోజూ అన్నంతో పాటు అవి కూడా వడ్డించేది.

ఉగాది వెళ్లింది, ఎండలు ముదిరాయి. ఒక బుధవారం ఉదయం పానకాలరావు వెనక వరండాలో మూలన పడి ఉన్న కూలరు కడుగుదామని దాని పక్క తలుపు ఊడదీశాడు. పాత గడ్డి లాగబోతే దాని మధ్యలో కొబ్బరి పీచు, దూది, చింకి గుడ్డలు కలిపి ముద్దలా అల్లిన గూడు కనిపించింది. అందులో నాలుగు ఉడుత పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఇంకా కళ్లు తెరవలేదు. వేలెడంత ఒళ్లు. వీపు మీద గీతలు అప్పుడప్పుడే తేలుతున్నాయి.

"ఇటు రా, చూద్దువుగాని" అని భార్యను పిలిచాడు.

శేషారత్నం చూసింది. ఆమె గుండె కరిగిపోయింది. నిజంగానే కరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి.

"అయ్యో తండ్రీ, వీటి తల్లి ఏమైందో" అంది.

"మేతకెళ్లి ఉంటుంది. తలుపు మళ్లీ బిగించేస్తాను. ఇవి ఎదిగి వెళ్లిపోయేదాకా ఫ్యాను గాలితో సరిపెట్టుకుందాం" అన్నాడు పానకాలరావు.

"తల్లి ఎక్కడుందండీ? మొన్న ప్రహరీ గోడ మీద పిల్లి ఒక ఉడుతను నోట కరుచుకుని పోవడం నా కళ్లతో చూశాను. అదే వీటి తల్లి."

"ఊళ్లో ఉడుత అదొక్కటేనా?"

"మీ మగవాళ్లకు జాలి లేదు" అంటూ ఆమె పిల్లల్ని కొంగులోకి తీసుకుంది. పానకాలరావు ఇంకేదో అనబోయాడు గాని మిల్లుకు వేళవుతోందని ఊరుకున్నాడు.

శేషారత్నం పూలబుట్టలో పాత నూలు చీర మెత్తగా మడిచి పరిచింది. ఆవుపాలు గోరువెచ్చగా కాచి, నీళ్లు కలిపి, దూదివత్తి ముంచి ఒక్కొక్క దాని నోటికి అందించింది. అవి వత్తిని చప్పరిస్తుంటే పనులన్నీ మానేసి చూస్తూ కూర్చుంది. ఆ రోజంతా కన్నబిడ్డల్ని చూసుకున్నట్టే చూసుకుంది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఎదురింటి ధనకుమారి మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చి బుట్టలోకి తొంగి చూసింది.

"తల్లి లేని పిల్లలకు తల్లివయ్యావు వదినా. నీ కడుపు చల్లగుండ" అంది.

ఆ మాట శేషారత్నం తలకెక్కింది. "ఎల్లుండి శుక్రవారం వీటికి బారసాల చేద్దామనుకుంటున్నాను. అందరూ రావాలి" అనేసింది. నోటినుంచి వచ్చేదాకా ఆ ఆలోచన తనకుందని ఆమెకే తెలియదు. ఇక వెనక్కి తీసుకోవడం ఎలాగ? దీపాలు పెట్టే వేళకు ఇంటింటికీ ఫోన్లు వెళ్లాయి. పేరంటానికి శనగలు కూడా నానబోసింది.

గురువారం పొద్దున్నే ఒక ఉడుత వరండా గ్రిల్లులోంచి దూరి వచ్చింది. తిన్నగా కూలరులోకి వెళ్లింది. లోపల గడ్డి గీకిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి కూలరు మీదికెక్కి, తోక జాడిస్తూ కిచకిచమని ఒకటే అరిచింది. పాలగిన్నెతో వచ్చిన శేషారత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది. మనిషి నీడ పడితేనే పారిపోయే ప్రాణి, ఈ ఉడుత మాత్రం పారిపోలేదు. కిందికి దిగి ఆమె కాళ్లకు జానెడు దూరంలోకి వచ్చి, గుమ్మం లోపలున్న బుట్ట వైపు మెడ చాచింది. దాని పొట్ట కింద బొచ్చు ఊడిపోయి ఉంది. చనుమొనలు పాలతో ఉబ్బి ఉన్నాయి.

శేషారత్నం ఇద్దరు బిడ్డల్ని కని పెంచింది. బాలింతను చూస్తే ఆమెకు తెలియదా? తెలిసింది. తల్లి ఇదేనని క్షణంలో తెలిసిపోయింది.

కానీ వీధంతా పిలిచింది. తల్లి లేని పిల్లలని చెప్పి మరీ పిలిచింది. తల్లి ఉందంటే ఇక బారసాల ఎవరికి? నానబోసిన శనగలు చూసి అందరూ నవ్వరూ? ధనకుమారి మొహం ఎలా చూడాలి? "ఇది పిల్లల్ని కరవడానికి వచ్చిందేమో" అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంది గాని నమ్మలేదు. నమ్మకుండానే మూలనున్న చీపురు అందుకుని ఒక్కటి వేసింది. దెబ్బ వెనక కాలికి తగిలింది. ఉడుత దొర్లి, లేచి, కుంటుకుంటూ గ్రిల్లు దాటి పోయింది. ఆమె వరండా తలుపు వేసి గడియ పెట్టింది. 

సాయంత్రం పానకాలరావు చెప్పులు విడుస్తూ, "గోడ మీద ఆ ఉడుత గొంతు చించుకుంటోంది. తల్లేమో, చూశావా?" అని అడిగాడు.

"నేను చూడలేదు" అంది. అని, కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయింది. కాఫీ గ్లాసు అందిస్తున్నప్పుడు కూడా ఆయన మొహం వైపు చూడలేకపోయింది.

శుక్రవారం ఇంటి నిండా జనం. బుట్టకు మల్లెపూల దండలు చుట్టి, గొలుసులు కట్టి, ఉయ్యాలలా వేలాడదీశారు. ఆడవాళ్లు ఒక్కొక్కరూ పిల్లల్ని అరచేతిలోకి తీసుకుని మురిసిపోయారు.

"నలుగు పెట్టకుండా బారసాలేమిటి?" అంది ధనకుమారి.

"పసిగుడ్లు, వద్దేమో" అని శేషారత్నం నోటిదాకా వచ్చింది. అందరూ తన వైపే చూస్తున్నారు. "పెట్టండి" అంది. పిల్లలకు పసుపు రాసి నీళ్లతో తుడిచారు. తడిసిన పిల్లలు చేతుల్లో వణికాయి. పేర్లు పెట్టే వేళ వచ్చింది. అన్నిటికంటే చిన్నదాన్ని చూపించి, "దీనికి నీ పేరే పెట్టాలి. ప్రాణం పోసినదానివి నువ్వు" అన్నారు. దానికి చిన్న రత్నం అని పేరు పెట్టారు. శేషారత్నం మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత వెండి ఉగ్గుగిన్నె తెచ్చారు. ఆమె బిడ్డలకు పాలు పట్టిన గిన్నె అది. బారసాలకు వచ్చినవాళ్లు పాపాయి నోట్లో తలా ఒక చుక్క పోయడం మామూలే. ఇక్కడా అలాగే పోశారు. వత్తి చప్పరించే నోరు గిన్నెతో పోస్తే తాగగలదా అని ఎవరూ ఆలోచించలేదు. చిన్న రత్నం ముక్కులోంచి పాలు బయటికి వచ్చాయి.

"ఇది ఊపిరి తీయడం లేదమ్మా" అంది దాన్ని పట్టుకున్న ముసలావిడ.

ముందున్నవాళ్లు దగ్గరికి వంగి చూశారు. వెనక గదిలో ఉన్నవాళ్లు తెలియక జోలపాట ఇంకా పాడుతూనే ఉన్నారు. శేషారత్నం ఆ పిల్లను అరచేతిలోకి తీసుకుని వీపు రాసింది, తలకిందులుగా పట్టుకుంది, నోటితో ఊదింది. దాని తల పక్కకు వాలిపోయింది. పాట ఆగింది. అప్పుడు వరండా తలుపు అవతలినుంచి కిచకిచమన్న అరుపు అందరికీ వినిపించింది.

"అది తల్లి కాదు గదా?" అని ఎవరో అడిగారు.

శేషారత్నం తల వంచుకుని నిలబడింది. వచ్చినవాళ్లు శనగల పొట్లాలు తీసుకుని ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. ధనకుమారి వెళ్తూ వెళ్తూ, "నీ తప్పేముంది వదినా, దాని ఆయుష్షు అంతే" అని భుజం తట్టింది. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన పానకాలరావుకు పూలదండల ఉయ్యాల కింద నేల మీద కూర్చున్న భార్య కనిపించింది. ఆమె చేతిలో ఇంకా ఆ పిల్ల ఉంది.

"నిన్న మీకు అబద్ధం చెప్పాను" అంది. "తల్లి వచ్చిందండీ. నా కాళ్ల దాకా వచ్చింది. తల్లేనని నాకు తెలిసింది. తెలిసే చీపురుతో కొట్టాను. బారసాల ఆగిపోతుందని కొట్టాను."

తిడతాడనుకుంది. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. ఆయన తిట్టలేదు. "ముందు ఆ తలుపు తీయి" అన్నాడు.

చనిపోయిన పిల్లను మల్లెపొద కింద పూడ్చారు. మిగిలిన మూడింటికీ అంటిన పసుపును ఆమె పొడి గుడ్డతో తుడిచి, ఒళ్లు వెచ్చబడేదాకా రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఉయ్యాల బుట్టను దించి వరండాలోకి తెచ్చి, పాత గడ్డి, పీచు, దూది మళ్లీ కూలరులో సర్ది వాటిని అందులో పడుకోబెట్టింది. ఇద్దరూ లోపలికి వెళ్లి కిటికీ రెక్క ఓరగా తెరిచి నిలబడ్డారు.

"వస్తుందంటారా?" అంది.

"ఏమో" అన్నాడు.

చాలాసేపు ఏమీ రాలేదు. తాను ఎంత గట్టిగా కొట్టిందో ఆమెకు పదేపదే గుర్తొచ్చింది. ఎండ వరండా దాటి గోడ ఎక్కుతుండగా గ్రిల్లు దగ్గర చిన్న తల కనిపించింది. ఉడుత వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కూలరులోకి దూరి, ఒక పిల్లను నోట కరుచుకుని బయటికి వచ్చింది. కుంటుకుంటూనే గోడెక్కి, పక్కింటి కొబ్బరిచెట్టు మొదలు పట్టుకుని పైకి పాకింది. సగంలో ఒకసారి కాలు జారింది. శేషారత్నం కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. ఉడుత నిలదొక్కుకుని మట్టల మధ్యకు వెళ్లింది. మళ్లీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్లింది. మళ్లీ వచ్చి మూడోదాన్ని తీసుకెళ్లింది.

"హమ్మయ్య" అన్నాడు పానకాలరావు.

కానీ ఉడుత ఇంకోసారి వచ్చింది. కూలరులోకి వెళ్లి గడ్డంతా కెలికింది. బయటికి వచ్చి కూలరు కింద చూసింది. ఖాళీగా పడి ఉన్న పూలబుట్ట ఎక్కి, అందులోని చీర మడతలు వాసన చూసింది. వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ అవే చోట్లు వెతికింది.

"దానికి లెక్క తెలుసండీ" అంది శేషారత్నం. అని, కొంగు నోట్లో కుక్కుకుని గోడవారగా కూలబడిపోయింది.

మర్నాడు ధనకుమారి వచ్చింది. వెంట వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. "పిల్లలు కొబ్బరిచెట్టు మీదున్నాయటగా? పోనీలే, ఒకటి పోయినా మూడింటిని బతికించావు. తల్లి లేని పిల్లల్ని ఎవరు సాకుతారమ్మా ఈ రోజుల్లో?" అంది.

శేషారత్నం ఊరుకుంటే సరిపోయేది. వాళ్లు తప్పు కప్పి పేరు చేతికిస్తున్నారు. పొగడ్త ఆమెకు ఎన్నడూ చేదు కాలేదు, ఆ రోజు మాత్రం గొంతు దిగలేదు.

"అవి తల్లి లేని పిల్లలు కాదు" అంది. "తల్లి వాటికోసం వచ్చింది. నేను దాని కాలు విరగ్గొట్టి తరిమేశాను. మీరందరూ వస్తారని, మీ ముందు నా మాట పోతుందని తరిమాను. ఆ పిల్లను చంపింది నేనే."

 ఒకావిడ గుమ్మం వైపు చూసింది. ధనకుమారి తల దించుకుని, "నలుగు పెట్టమన్నది నేనేగా" అంది మెల్లగా. ఆ రోజు ఎవరూ కాఫీలకు ఆగలేదు.

ఆ తర్వాత గేటు ముందు చలివేంద్రం కుండ మాత్రమే మిగిలింది. బోర్డు అటక మీదికి చేరింది. వెనక గోడ మీద ఒక మూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు వేరుశనగ గింజలు పెట్టడం శేషారత్నం రోజూ చేసే పనయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కుంటి ఉడుత గోడ చివరకు వచ్చి కూర్చునేది. ఆమె పెరట్లో ఉన్నంతసేపూ మూకుడు వైపు ఒక్క అడుగు వేసేది కాదు. మొదట్లో ఆమె కదలకుండా నిలబడి, పిలిచి చూసింది. అది రాలేదు. తర్వాత తర్వాత మూకుడు నింపి, వెంటనే లోపలికి వెళ్లి తలుపు వేసుకోవడం నేర్చుకుంది. అప్పుడు గాని అది దిగి వచ్చి నీళ్లు తాగేది కాదు.

మేలు చేసేటప్పుడు ఎదుటి ప్రాణికి ఏం కావాలో చూడాలి గాని మనకు ఏం పేరొస్తుందో చూసుకోకూడదు. పేరు కోసం చేసిన మేలు కీడుకన్నా చెడ్డది.